అరిసెలు తిన్న ఎలుగు, మిగిలిపోయిన ఆవకాయ

ప్రశ్న: మేం అట్లాంటా దగ్గర కమ్మింగ్‌లో ఉంటాం. మా అత్తగారు, మావయ్యగారు పలాస నుంచి ఆరు నెలలు ఉండేలా వచ్చారు. అక్టోబరు లాంగ్ వీకెండ్‌కి అందరం టెనెసీలోని గాట్లిన్‌బర్గ్ వెళ్ళి కొండ మీద ఒక క్యాబిన్ తీసుకున్నాం. చేరేసరికి రాత్రి పది. పిల్లలు నిద్రపోతున్నారు. సామాను సగం దించి, తిండి సంచులు పొద్దున్నే మళ్ళీ ఎక్కించాలి కదా అని మినీవ్యాన్‌లోనే వదిలేశాం. అత్తగారు పట్టుబట్టి వండిన రెండు కిలోల అరిసెలు, జంతికలు, పులిహోర, ఆవకాయ సీసా అన్నీ అందులోనే. తెల్లవారుజామున మూడింటికి వ్యాను హారన్ ఆగకుండా మోగింది. దొంగలనుకుని మా ఆయన బాల్కనీలోంచి ఇంగ్లీషులో బెదిరించారు. మావయ్యగారు టార్చి వేసి చూసి, “దొంగకైతే ఇంగ్లీషొచ్చునేమో గానీ ఎలుగుకి రాదురా, లోపలికి రా” అన్నారు. నిజంగానే స్టీరింగు మీద ఎలుగుబంటి! తలుపు మూసుకుపోయి బయటికి రాలేకపోతోంది. 911కి ఫోన్ చేస్తే షెరిఫ్ ఆఫీసు మనిషి వచ్చి, తలుపు పిడికి తాడు కట్టి దూరం నుంచి లాగారు. అది దూకి అడవిలోకి పారిపోయింది. అరిసె ముక్క మిగల్లేదు. ఆవకాయ సీసా మాత్రం ముట్టలేదు.

లోపల తలుపు ప్యానెల్, పైకప్పు గుడ్డ చీలికలు పేలికలయ్యాయి. ఎయిర్‌బ్యాగ్ దీపం వెలుగుతోంది. అలాగే ఇంటికి నడుపుకొచ్చాం. వాక్యూమ్ చేశాం గానీ వాసన పోవడం లేదు. మావయ్యగారు తీసిన వీడియో అప్పుడే పలాస దాకా చేరి, రోజూ ఫోన్లు. నా ప్రశ్నలు: ఇన్సూరెన్స్ ఇస్తుందా? వాసన ఎలా పోతుంది? షార్లెట్ నుంచి ఆడపడుచు వాళ్ళు వస్తున్నారు, మళ్ళీ వెళ్దామని అత్తగారు, ససేమిరా అని మావయ్యగారు. వెళ్ళొచ్చా? ఇంకొకటి, ఇంట్లో తెగని వ్యాజ్యం: తప్పు అరిసెలదా, తాళం వెయ్యని వాళ్ళదా?

సమాధానం: మీ ప్రశ్నల వరస కాస్త మారుస్తాను, ఎందుకంటే మీరు అడగనిదే అన్నిటికంటే తొందరైనది. ఆ వ్యానుని ఇక రోడ్డెక్కించకండి. ఎయిర్‌బ్యాగ్ దీపం వెలుగుతుండగా పిల్లల్నీ పెద్దవాళ్ళనీ ఎక్కించుకుని నాలుగు గంటలు నడిపారు చూడండి, ఈ మొత్తం కథలో ఎలుగు కంటే భయపడాల్సింది దానికే.

పైకప్పు గుడ్డ అంచుల వెంట, కిటికీల పైన, కర్టెన్ ఎయిర్‌బ్యాగులు చుట్టచుట్టి ఉంటాయి. సీటు వీపు పక్కన ఇంకొకటి ఉంటుంది. చాలా కార్లలో తలుపు ప్యానెల్ వెనక, పక్క నుంచి దెబ్బ తగిలితే కనిపెట్టే సెన్సరూ దాని తీగలూ ఉంటాయి. ఎలుగు బయటపడే దారి వెతుక్కుంటూ సరిగ్గా ఈ చోట్లే చీలుస్తుంది. దీపం ఆరకుండా వెలుగుతోందంటే వ్యవస్థలో లోపం కనిపెట్టిందని అర్థం. గుద్దుకున్నప్పుడు బ్యాగులు తెరుచుకోకపోవచ్చు. వేలాడుతున్న తీగలు లాగడం, గుడ్డని టేపుతో అతికించడం లాంటివి చెయ్యకండి. షాపుకి టోయింగ్ ట్రక్కు మీదే పంపించండి. ఆ ఖర్చు క్లెయిములో కలుపుతారా అని ఇన్సూరెన్స్ వాళ్ళని ముందే అడగండి.

సీటు బెల్టులు ఒక్కొక్కటీ చివరిదాకా బయటికి లాగి వేళ్ళతో తడిమి చూడండి. పంటిగాటు, తెగిన అంచు, పోగులు లేచిన చోటు ఏది కనిపించినా ఆ బెల్టు మార్చాల్సిందే, కుట్టించుకోవడం కుదరదు. పిల్లల కారు సీటుకీ ఇదే లెక్క. గట్టి ప్లాస్టిక్ మీద పగులు, లోపలి ఫోమ్‌లో లోటు, పట్టీ నమిలిన గుర్తు ఉంటే కొత్తది కొనుక్కుని, రసీదు క్లెయిముకి పెట్టండి. పట్టీలు జిడ్డయ్యాయని వాషింగ్ మెషీన్‌లో మాత్రం వెయ్యకండి. వాటి బలం పోతుంది.

ఇక ఇన్సూరెన్స్. మీ పాలసీలో కాంప్రిహెన్సివ్ ఉంటే వస్తుంది. జంతువులు చేసిన నష్టం, జింకని గుద్దినా ఎలుగు చొరబడినా, ఆ పద్దు కిందికే వస్తుంది. కొలిజన్ (ఇంకో బండినో గోడనో గుద్దిన నష్టం) కిందికి రాదు. లయబిలిటీ (మీ వల్ల ఎదుటివాళ్ళకి జరిగిన నష్టానికిచ్చేది) ఒక్కటే ఉంటే మీ వ్యానుకి పైసా రాదు. డిక్లరేషన్ పేజీ తీసి కాంప్రిహెన్సివ్ ఎదురుగా డిడక్టిబుల్ ఎంతుందో చూడండి. 250, 500, 1,000 డాలర్లలో ఏదో ఒకటి ఉండటం మామూలు. ఆ మేరకు మీ చేతి నుంచి, మిగిలింది వాళ్ళు. బాగు చేసేదాకా అద్దె కారు ఇచ్చే కవరేజి విడిగా తీసుకుని ఉంటేనే వర్తిస్తుంది, అదీ అదే పేజీలో ఉంటుంది.

ఫోన్ చేసే ముందు మూడు దగ్గర పెట్టుకోండి. ఒకటి, షెరిఫ్ ఆఫీసు రిపోర్టు నంబరు. ఆ రాత్రి తీసుకోకపోయినా తేదీ, క్యాబిన్ చిరునామా చెప్పి అడిగితే ఇస్తారు. రెండు, ఫొటోలు: బయట పిడి చుట్టూ గోళ్ళ గీతలు, అద్దం మీద పంజా ముద్ర, లోపలి ప్యానెల్, పైకప్పు, డ్యాష్ బోర్డులో ఆ దీపం. సీట్ల పగుళ్ళలో నల్లటి వెంట్రుకలు ఇంకా ఉంటాయి, తియ్యకుండా వాటినీ ఫొటో తీయండి. మీరు వాక్యూమ్ చేసేశారు కాబట్టి మూడోది మీకు బాగా అక్కరకొస్తుంది: మావయ్యగారి వీడియో. పలాస నుంచి తిరిగొచ్చిన వాట్సాప్ కాపీ పంపకండి. వాట్సాప్ నాణ్యత తగ్గిస్తుంది, అసలు ఫైల్లో ఉండే సమయం, చోటు వివరాలు పోతాయి. ఆయన ఫోన్ గ్యాలరీలో ఉన్న అసలు ఫైలుని ఫైల్‌గానే అప్‌లోడ్ చెయ్యండి, ఆయన్ని డిలీట్ చెయ్యొద్దని చెప్పండి.

వ్యాను టోటల్ అయిందని, అంటే బాగు చేయించడం దండగని, అడ్జస్టర్ (నష్టం లెక్కగట్టే ఇన్సూరెన్స్ మనిషి) చెబితే ఆశ్చర్యపోవద్దు. ఇంజను బాగానే ఉన్నా సీట్లు, ప్యానెళ్ళు, పైకప్పు, ఎయిర్‌బ్యాగులు, వైరింగు కలిపితే బండి విలువకి దగ్గరగా వచ్చేస్తుంది. అప్పుడు ఆ రోజు మార్కెట్ విలువలోంచి డిడక్టిబుల్ తీసేసి ఇస్తారు. ఈ మధ్య మార్చిన టైర్ల, బ్యాటరీ రసీదులుంటే ఆ లెక్కలో పెట్టమని అడగండి. చిరిగిన సూట్‌కేసులు, చీరలు కారు పాలసీలో సాధారణంగా రావు. ఇంటి పాలసీలోనో, అద్దెకుండేవాళ్ళు తీసుకునే రెంటర్స్ పాలసీలోనో వస్తాయేమో అడగడంలో నష్టం లేదు గానీ, ఆశ పెట్టుకోకండి. అరిసెలకి ఎవరూ ఇవ్వరు.

వాసన సంగతికి వస్తే, అడ్జస్టర్ చూసి వెళ్ళేదాకా చెయ్యి పెట్టకండి. టోటల్ అయితే శ్రమంతా వృథా. బండి మీ చేతికే తిరిగొస్తుందని తేలాక మొదలుపెట్టండి. చేతులకి గ్లోవ్స్, మూతికి మాస్కు తప్పనిసరి. ఎలుగు పెంటలో పరాన్నజీవులు ఉండొచ్చు.

మీకు వస్తున్నది ఒక వాసన కాదు, మూడు కలిసిన వాసన: ముక్కిపోతున్న నెయ్యి, పులిసిన పులిహోర, జంతువు చొంగా ఉచ్చా కలిసినది. మూడింటికీ మందు వేరు, వరసా ముఖ్యమే.

నెయ్యి మీద వేడినీళ్ళు పొయ్యకండి. కరిగి ఫోమ్‌లోకి దిగిందంటే ఇక రాదు. గట్టిపడిన పాకాన్నీ నేతినీ పాత క్రెడిట్ కార్డు అంచుతో గీకి తీసెయ్యండి. ఆ చోట బేకింగ్ సోడా మందంగా చల్లి రాత్రంతా వదిలి, పొద్దున్న వాక్యూమ్ చెయ్యండి. తర్వాత రెండు కప్పుల గోరువెచ్చని నీళ్ళలో ఒక టీస్పూను గిన్నెలు తోమే సబ్బు కలిపి, నీళ్ళు కాకుండా పైన నురుగు మాత్రమే స్పాంజితో తీసి రుద్దండి. తెల్లగుడ్డతో అద్దండి, తడిగుడ్డతో సబ్బు తీసెయ్యండి. గుడ్డకి పసుపుపచ్చ జిడ్డు అంటడం ఆగేదాకా ఇంతే. బెల్లం పాకానికి ఇంత రామాయణం అక్కర్లేదు, గోరువెచ్చని తడిగుడ్డ పది నిమిషాలు పరిచి ఉంచితే కరిగి వచ్చేస్తుంది.

పులిహోర మరక దగ్గర బేకింగ్ సోడా వాడకండి. పసుపులో సున్నం కలిపితే పారాణి అయినట్టే సోడా తగిలితే సీటు ఎర్రబడుతుంది. కొన్ని సబ్బులతో కూడా అంతే. అలా అయితే కంగారొద్దు, కాస్త వెనిగర్ కలిపిన నీళ్ళతో అద్దితే ఎరుపు పోతుంది. మిగిలిన పచ్చదనానికి ఎండ కంటే మందు లేదు. తలుపులు తీసి నాలుగైదు మధ్యాహ్నాలు ఎండ తగలనివ్వండి, పసుపు రంగు వెలుగుకి విరిగిపోతుంది.

ఉచ్చకి కుక్కలు, పిల్లుల సామాన్ల దగ్గర దొరికే ఎంజైమ్ క్లీనరే వాడాలి. సబ్బు మిగిలి ఉంటే ఎంజైము సరిగ్గా పనిచెయ్యదు, అందుకే సబ్బు పని ముందు ముగించి బాగా తీసెయ్యమన్నది. పైపైన చిలకరిస్తే లాభం లేదు. తడి ఎంత లోతుకి దిగిందో క్లీనరూ అంత లోతుకి దిగేలా పోసి, సీసా మీద రాసిన సేపు, కనీసం పావుగంట, ఆరిపోకుండా ఉంచండి. బ్లీచ్ దగ్గరికి కూడా రానివ్వకండి. ఉచ్చలోని అమ్మోనియాతో కలిస్తే విషవాయువు వస్తుంది. ఇంతా చేశాక వాసన మిగిలితే రెండు చోట్లు చూడండి. గ్లవ్ బాక్సు వెనకుండే క్యాబిన్ ఎయిర్ ఫిల్టరు ఒకటి. చవకలో దొరుకుతుంది, చేత్తోనే మార్చుకోవచ్చు. రెండోది మినీవ్యాన్లలో మూడో వరస సీటు వెనకుండే గొయ్యి. కారిందంతా చేరేది అక్కడికే, పైన చాప తీస్తే తప్ప కనపడదు. పర్ఫ్యూమ్ బిళ్ళ వేలాడదీసి సరిపెట్టుకోవద్దు. మళ్ళీ అదే కొండకి వెళ్తామంటున్నారు కాబట్టి మరీను.

ఎలుగు అసలు ఎలా వచ్చిందంటే, గ్రేట్ స్మోకీ మౌంటెన్స్ నేషనల్ పార్కులో సుమారు 1,900 నల్ల ఎలుగులు ఉంటాయని పార్కువాళ్ళ అంచనా. గాట్లిన్‌బర్గ్ ఆ పార్కు గుమ్మంలోనే ఉంది, క్యాబిన్లు కట్టిన కొండలూ ఆ అడవి అంచులే. మీరు వెళ్ళింది అక్టోబరులో. చలికాలం గుహలో పడుకునే ముందు కొవ్వు పట్టించుకోవడానికి అవి రోజంతా తింటూనే ఉండే నెల అది. వేసవిలో 250 పౌన్లుండే మగ ఎలుగు ఆకురాలు కాలం చివరికి దాదాపు రెట్టింపు కాగలదు. ఆ రోజుల్లో దానికి దినానికి 20,000 కేలరీల దాకా కావాలి. ఓక్ కాయలు ఒక్కొక్కటీ ఏరుకుంటే అవి ఎప్పటికి జమయ్యేను? రెండు కిలోల అరిసెలంటే బెల్లం, బియ్యప్పిండి, నెయ్యి, పైన నువ్వులు. ఎనిమిది వేలకి తక్కువుండవు, అదీ ఒకే డబ్బాలో. మైలు దూరం నుంచి తిండి వాసన పట్టగల జంతువుకి మీ అత్తగారు విస్తరేసి పిలిచినట్టే.

తలుపు తియ్యడం దానికి విద్యేమీ కాదు. మీ ముందు తలుపు పిడి బయటికి లాగే రకం. పంజా గోళ్ళు దాని కిందికి సరిగ్గా దూరతాయి, వెనక్కి వాలితే తలుపు వచ్చేస్తుంది. కొన్ని పళ్ళతో లాగుతాయి. లోపలికి దూరాక ఏమైందో కూడా ఊహించొచ్చు: కొండమీది డ్రైవ్‌వేలు ఏటవాలుగా ఉంటాయి, తలుపు దాని బరువుకి అదే మూసుకుపోతుంది. లోపలి పిడి చిన్నది, పంజాకి అందదు. భయపడిన ఎలుగు దారి కోసం చీల్చడం మొదలుపెడుతుంది, స్టీరింగు మీద బరువు పడి హారన్ మోగుతుంది. ఆ హారన్ మోగడం ఒక రకంగా దాని అదృష్టం. 2022 వేసవిలో పక్కనే ఉన్న సెవియర్‌విల్‌లో ఇలాగే కారులో ఇరుక్కున్న ఎలుగుని ఎవరూ చూసుకోలేదు, లోపలి ఎండవేడికి చచ్చిపోయింది.

మళ్ళీ ఎవరికైనా ఇలా జరిగితే మావయ్యగారు చేసిందే చెయ్యాలి: అందర్నీ లోపలికి పిలిచి గడియ వెయ్యాలి, ఆపైన ఫోన్. తలుపు చేత్తో తియ్యడానికి ఎవరూ వెళ్ళకూడదు. బయటికొచ్చే ఎలుగు మీ మీదికి రావాలని రాదు, కానీ దారిలో మీరుంటే ఆగదు. మీది మినీవ్యాన్ కాబట్టి ఇంకో ఉపాయం ఉంది. పక్కకి జరిగే తలుపులు, డిక్కీ తలుపు కరెంటువైతే, ఇంట్లోంచే, కిటికీ వెనక నిలబడి, కీ మీద బటన్ నొక్కిపట్టి తెరవొచ్చు. అయితే ముందు 911 వాళ్ళకి చెప్పి, వాళ్ళు సరేనంటేనే, బయట మనుషులెవరూ లేరని చూసుకున్నాకే.

ఆవకాయ గురించి మీరు అడగలేదు గానీ, పలాస నుంచి వచ్చే ఫోన్లన్నీ దాని గురించే అయ్యుంటాయి. ఎలుగుల మీద కొట్టే స్ప్రేలో ఉండేదీ మిరపలోని ఘాటే, కాప్సైసిన్ జాతి పదార్థాలు, ఒకటి నుంచి రెండు శాతం. అంతమాత్రాన ఆవకాయ ఎలుగుల మందు అయిపోదు. మూత బిగిసి ఉంది, పక్కనే అంతకంటే రుచైనది ఉంది, అంతే. అసలు స్ప్రే కూడా ముఖం మీదికి పొగలా వెళ్తేనే పనిచేస్తుంది. కారు మీదో సామాను మీదో కొట్టి వదిలేస్తే ఎండిన ఆ ఘాటు వాసనకి ఎలుగులే వచ్చి ఆరా తీస్తాయి. కొనుక్కుంటే నడకదారిలో నడుముకి పెట్టుకోవడానికే కొనండి. ఎండలో కారులో వదిలితే డబ్బా పేలొచ్చు. అత్తగారు వాళ్ళు తిరిగి వెళ్ళేటప్పుడు సూట్‌కేసులో మాత్రం ఉండకూడదు. విమానంలో చేతిసంచిలోనూ, లోపల వేసే సామానులోనూ నిషేధమే.

మళ్ళీ వెళ్ళొచ్చా అంటే, నిక్షేపంగా వెళ్ళొచ్చు. అరిసెలూ తీసుకెళ్ళొచ్చు. మారాల్సింది సామాను దించే పద్ధతి. మీరు ఆ రాత్రి చేసినట్టే అలసిపోయిన వాళ్ళందరూ చేస్తారు, అందుకే జాగ్రత్తగా ఉందామని అనుకుంటే చాలదు, ముందే ఏర్పాటుండాలి. మూత బిగించే పెద్ద ప్లాస్టిక్ టబ్ ఒకటి కొనండి. వాసన వచ్చేదేదైనా దాంట్లోనే ఉండాలి, దాన్ని డిక్కీలో అన్నిటికంటే చివర, తలుపు దగ్గర పెట్టాలి. క్యాబిన్ చేరగానే పిల్లల కంటే ముందు దిగేది ఆ టబ్బు. కూలర్ కూడా లోపలికే, బాల్కనీలో కాదు. ఎలుగు తెరవలేనిదని ధ్రువీకరణ ఉన్న కూలర్లున్నాయి గానీ, వాటి కన్నాలకి తాళంకప్పలు వేస్తేనే ఆ మాట వర్తిస్తుంది.

టబ్బులోకి రాకుండా తప్పించుకునేవి వేరే ఉంటాయి. పిల్లల సీటు సందుల్లో చిప్స్, చంటిపిల్ల పాలసీసా, డైపర్ సంచి, అత్తగారి కొబ్బరినూనె, తలనొప్పి బామ్, చూయింగ్ గమ్, తాగేసిన కాఫీ కప్పు, ఎయిర్ ఫ్రెష్నర్. ఎలుగుకి తిండి వేరు, తిండిలా వాసనొచ్చేది వేరు అని ఉండదు. చీల్చాక గానీ తేల్చుకోదు.

తాళం విషయంలో రెండు చిక్కులు. దూరం నడిస్తే కారు దానంతటదే లాక్ అవుతుందనుకుంటాం. చాలా కార్లలో అది సెట్టింగుల్లో ఆన్ చేస్తేనే పనిచేస్తుంది, రెండో కీ హ్యాండ్‌బ్యాగులో కారులోనే ఉండిపోతే అప్పుడూ కాదు. ఇంకొకటి, పిడి ముట్టుకుంటే తెరుచుకునే కార్లలో కీ మూడు నాలుగడుగుల్లో ఉంటే ఎవరు ముట్టుకున్నా తెరుచుకుంటుంది. క్యాబిన్ గోడకి ఆనించి బండి పెట్టి, ఆ గోడకే లోపల కొక్కేనికి కీ తగిలించకండి. బటన్ నొక్కి, హారన్ చిన్నగా కూసిందో లేదో విని లోపలికి వెళ్ళండి. లోపల తిండి ఉంటే తాళం ఒక్కటే చాలదన్నదీ నిజమే, బలమైన ఎలుగు కిటికీ చట్రాన్ని వంచేస్తుంది. అందుకే కాలిఫోర్నియాలో యోసెమిటీ పార్కులో చీకటి పడ్డాక కారులో తిండి ఉంచనివ్వరు, ఇనప పెట్టెల్లో పెట్టాలి. స్మోకీస్ క్యాంపుగ్రౌండ్లలో తాళం వేసిన బండిలో ఉంచనిస్తారు. ఒక పార్కు పద్ధతి ఇంకో పార్కులో చెల్లదు, వెళ్ళే చోటి రూలు చూసుకోండి.

క్యాబిన్లో మనవాళ్ళవే కొన్ని అలవాట్లున్నాయి. కాకులకనీ పిచ్చుకలకనీ బాల్కనీ రెయిలింగ్ మీద అన్నం ముద్ద పెట్టడం, గుమ్మంలో బియ్యప్పిండి ముగ్గు, కొట్టిన కొబ్బరిచిప్ప బయట వదలడం. ఇంటి దగ్గర పుణ్యం, అక్కడ పిలుపు. ముగ్గు సుద్దపొడితో వేసుకోమనండి, కొబ్బరి లోపలే కొట్టమనండి. పోపు పెట్టేటప్పుడు ఎగ్జాస్ట్ ఫ్యాన్ వెయ్యండి. పొగ అలారం మోగిందని తలుపు బార్లా తీసి అట్టముక్కతో విసిరి, ఆ తలుపు సంగతి మర్చిపోవడం మాత్రం అక్కడ పనికిరాదు. రాత్రి గుండ్రటి గడియ, అదే డెడ్‌బోల్ట్, వెయ్యండి. నొక్కితే తెరుచుకునే పిడులు ఎలుగులకి బాగా తెలుసు. చెత్త ఎలుగు తియ్యలేని ఇనప డబ్బాలోనే పడాలి. చెయ్యి లోపలికి పెట్టి నొక్కితే గాని దాని మూత రాదు. డబ్బా నిండిందని సంచి పక్కన పెట్టి రాకండి.

మావయ్యగారి భయాన్ని తేలిగ్గా తీసెయ్యకండి. ఉద్దానం జీడితోటల్లో ఎలుగు దాడుల వార్తలు వింటూ పెరిగిన మనిషి ఆయన. అయితే ఆ ఎలుగు వేరు, ఈ ఎలుగు వేరు. మన వైపుది చెదపుట్టలు తవ్వుకు తినే జాతి. పులులున్న అడవుల్లో బతికింది, ఉలిక్కిపడితే పారిపోకుండా మీద పడుతుంది. స్మోకీస్ నల్ల ఎలుగు బెదిరితే ఎక్కువగా చెట్టెక్కుతుంది. పిల్లలకి తాతగారు చెప్పే ఇద్దరు స్నేహితులు, ఎలుగు కథలో ఊపిరి బిగబట్టి చచ్చినట్టు పడుకున్నవాడు బతికిపోతాడు, చెట్టెక్కినవాడూ బతికిపోతాడు. నల్ల ఎలుగు దగ్గర ఆ రెండూ చెయ్యకూడదు. అది మనకంటే వేగంగా చెట్టెక్కుతుంది. దాడి చేస్తే పడుకోకుండా తిరగబడి కొట్టాలని పార్కువాళ్ళే చెబుతారు. దాడి దాకా రావడం బాగా అరుదు. ఎదురైతే పరిగెత్తకండి. చిన్నపిల్లల్ని ఎత్తుకుని, దాన్ని చూస్తూనే మెల్లగా వెనక్కి నడవండి. నేలని పంజాతో కొట్టి బుస్సుమంటే మీరు మరీ దగ్గరికి వచ్చారని అర్థం. ఇంకా మీదికొస్తే అందరూ ఒక్కచోట నిలబడి చేతులెత్తి అరవండి. పిక్నిక్ బల్ల దగ్గరికి వస్తే తిండి దానికి వదిలేసి పోవద్దు, వీలైనంత సర్దుకుని వెనక్కి తగ్గండి. ఒకసారి బల్ల మీద పులిహోర దొరికితే రేపు ఇంకో కుటుంబం దగ్గరికి వెళ్తుంది. అలా మనుషుల తిండికి మరిగిన ఎలుగులని చివరికి చంపెయ్యాల్సి వస్తుంది.

షార్లెట్ వాళ్ళకి ఫొటోల సరదా ఉంటే ముందే చెప్పండి. పార్కులో ఎలుగుకి 50 గజాల లోపుకి కావాలని వెళ్ళడం నేరం, 5,000 డాలర్ల జరిమానా, ఆరు నెలల జైలు దాకా పడొచ్చు. 50 గజాలంటే మీ మినీవ్యాన్లు తొమ్మిది వరసగా నిలబెట్టినంత. పార్కులోకి ప్రవేశ రుసుము లేదు గానీ, 2023 మార్చి నుంచి పావుగంట దాటి బండి ఆపితే పార్కింగ్ ట్యాగ్ ఉండాలి. రోజుకి 5 డాలర్లు, వారానికి 15. రెండు బండ్లకీ విడివిడిగా.

వ్యాజ్యం సంగతి: తాళానికి ముప్పాతిక, అరిసెలకి పాతిక. తాళం వేసి ఉంటే ఆ రాత్రి వచ్చిన ఎలుగు బహుశా పిడి లాగి చూసి పక్క క్యాబిన్‌కి వెళ్ళిపోయేది. ఆ పాతిక కూడా అత్తగారి ఖాతాలో వెయ్యకండి, సంచులు దించకుండా వదిలిన వాళ్ళందరూ పంచుకోవాలి.

ఇక ఎప్పుడు వెళ్ళాలన్నది అత్తగారికీ మావయ్యగారికీ మధ్య రాజీ కుదిర్చే ప్రశ్న. చలి ముదిరేకొద్దీ ఎలుగులు గుహలకి చేరతాయి, మావయ్యగారికి నచ్చేది జనవరి, ఫిబ్రవరి. అప్పుడు కూడా కాస్త వెచ్చటి రోజులొస్తే కొన్ని బయట తిరుగుతాయి, కాబట్టి టబ్బు పద్ధతి మానొద్దు. కానీ కువోహికి, అంటే 2024 దాకా క్లింగ్‌మన్స్ డోమ్ అన్న 6,643 అడుగుల శిఖరానికి, వెళ్ళే రోడ్డు డిసెంబరు 1 నుంచి మార్చి 31 దాకా మూసేస్తారు. మంచు పడితే న్యూఫౌండ్ గ్యాప్ మీదుగా వెళ్ళే 441 రోడ్డూ ఆపేస్తారు. అత్తగారు కొండ మీంచి చూడాలనే అంటే నవంబరులోనే వెళ్ళిరండి, అదీ పగటిపూట, వెలుతురుండగానే క్యాబిన్ చేరేలా కమ్మింగ్‌లో మధ్యాహ్నం పన్నెండుకల్లా బయల్దేరి. ఈసారి బండి అద్దెదే అయ్యుంటుంది. కౌంటరు దగ్గరికి వెళ్ళేముందే మీ పాలసీలోని కాంప్రిహెన్సివ్ అద్దె బండికీ వర్తిస్తుందో లేదో ఏజెంటుని అడిగి, మెయిల్లో రాయించుకోండి.